గంప అడుగున

చేతులకు నిమ్మచెక్క రుద్దుకుంటోంది సాయిదుర్గ. తెల్లారకముందే హార్బర్‌లో వేలంపాట పాడి కొన్న కోనాం చేపలు పదకొండుకల్లా అమ్ముడైపోయాయి. ఎంత రుద్దినా నీచు వాసన పూర్తిగా పోదని ఆమెకు తెలుసు. "పుస్తకం సూత్తే కడుపు నిండుతాదేటే?" అనేవాడు మొగుడు మోహన్. మనిషి పోయి ఎనిమిదేళ్లయింది, మాట మాత్రం పోలేదు. అత్త గురువమ్మ పక్షవాతంతో మంచాన పడితే నాలుగేళ్లు ఎత్తింది, దించింది, కడిగింది. చుట్టాలొచ్చి "కోడలంటే ఇలాగుండాల" అని మెచ్చుకుని కాఫీలు తాగి వెళ్లారు. ఆ గ్లాసులూ ఆమే కడిగింది.

ఇప్పుడు ప్రతి శుక్రవారం మధ్యాహ్నం వన్ టౌన్‌లో ఓ మేడగదిలో ఐదుగురు చేరి నవల చదువుకుంటారు. తొమ్మిదో తరగతితో బడి మానేసిన సాయిదుర్గే అందరికంటే గట్టిగా వాదిస్తుంది. ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగి వినేది ఒక్క దేవీప్రసాదే. సబ్బవరం మనిషి, క్లర్కు పని చేసి రిటైరయ్యాడు, భార్య లేదు. అతను పక్కన కూర్చుంటే ఆమెకు బాగుంటుంది. యాభై దాటాక ఇదేమిటని మొదట్లో సిగ్గుపడింది. తరవాత సిగ్గుపడటం మానేసింది.

ఈ శుక్రవారం నవల పక్కన పెట్టి ఐదుగురూ సినిమాకి పోయారు. పుస్తకాలు చదువుకునే స్నేహితుల ప్రేమకథ. చివర్లో హీరో అందరి ముందూ హీరోయిన్ చెయ్యి పట్టుకుని పెళ్లి చేసుకుందామన్నాడు. పక్క సీట్లో కూర్చున్న చిట్టమ్మ, ఆ ఐదుగురిలో ఒకతె, మోచేత్తో పొడిచింది.

"ఒలే దుర్గా, ఆ పిల్ల పొద్దల్లా సదువుతానే ఉంది. ఆ ఇంట అంట్లు ఎవులు తోముతన్నారే?"

ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగేలా నవ్వుకున్నారిద్దరూ.

బయటికొచ్చాక టీ కొట్టు దగ్గర దేవీప్రసాద్ ఆమెను కాస్త పక్కకు పిలిచాడు. నుదుటి మీద చెమట. "దుర్గగారూ, మనం కూడా అలాగ చేసుకుంటే ఏటంటారు?"

ఆమెకు కలిగింది సంతోషమే. కానీ పాతికేళ్ల అలవాటు ఊరుకోనివ్వలేదు. హార్బర్ పాటలో గంప పైన ఎప్పుడూ పెద్ద చేపలే ఉంటాయి. అడుగుదాకా చెయ్యి పెట్టి చూడకుండా పాట పాడిన ఆడది మధ్యాహ్నానికి ఏడుస్తుంది.

"ఎప్పట్నుంచి అనుకుంటన్నారు?"

"ఏడాదైంది."

"మరి ఈయాలే ఎందుకడిగినారు?"

"సినిమా చూసి ధైర్యమొచ్చింది."

"ఇంకా?"

అతను టీ గ్లాసు చేతిలో తిప్పాడు. "మా అమ్మ నారాయణమ్మకి తుంటి ఎముక విరిగిందండి. చూసుకునే మనిషి సోమవారం మానేసింది. మీరైతే... అలవాటున్న చెయ్యి."

అదిగో, అడుగున చేతికి తగిలింది. కోపం వస్తుందనుకుంది, రాలేదు. అతను అబద్ధమాడలేదు. పై వరసలో ఉన్నవీ మంచివే, ఆ ఏడాది ప్రేమా నిజమే. కానీ గంప గంపంతా కొనమంటున్నాడు. ఇంకో మంచం, ఇంకో నాలుగేళ్లు, మళ్లీ కాఫీలు తాగి మెచ్చుకునే చుట్టాలు.

"అమ్మగారిని సూసుకోడానికి జీతమిచ్చి మనిషిని ఎట్టండి," అంది నెమ్మదిగా. "మీకు మనిషి కావాలంటే శుక్రవారం రండి. నా పక్క కుర్చీ ఎవులికీ ఇవ్వను."

అతను తలొంచుకున్నాడు. చిన్నగా అడిగాడు. "శుక్రవారం ఒక్కరోజేనా?"

సాయిదుర్గ తృప్తిగా టీ తాగింది.

"మిగతా ఆర్రోజులూ నాయి ప్రసాదుగారూ. అందులో ఒకటి ఇవ్వాలనిపిస్తే నానే సెప్తాను."