అయిదేళ్ళ అనుభవం

మా అన్నయ్య ఆదిశేషుకి రాయగడలో పెద్దమనిషి అని పేరు. ఆ పేరు పెట్టినవాళ్ళెవరో ఒక్కసారి నా ముందుకు రావాలి, నాలుగు మాటలు అడుగుతాను.

అన్నయ్య స్థలాలకీ భవనాలకీ విలువ కట్టే లైసెన్సున్న వాల్యూయరు. ఎవరైనా బ్యాంకులో అప్పుకి వెళ్తే, తాకట్టు పెట్టే ఇల్లు ఎంత చేస్తుందో ఆయన చూసి, రాసి, సంతకం పెట్టాలి. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక సంతకం ఒక్కటే ఆయనది, తిరగడమంతా నా కూతురు సుహాసినిది. సివిల్ ఇంజనీరింగ్ పాసైన కొత్తలోనే "మేనమామ ఆఫీసుండగా బయట ఉద్యోగమేటే అమ్మీ" అని తీసుకెళ్ళాడు. మేనమామ కదా అని నేనూ మురిసిపోయాను.

కల్యాణసింగ్‌పూర్‌లో గోదాములు, జయపురంలో రైసుమిల్లులు, నారాయణపట్న అవతల దారి కూడా సరిగా లేని ఇళ్ళు... ఎండనక వాననక బస్సుల్లో నిలబడి వెళ్ళి, టేపు ఒక కొస వాచ్‌మన్ చేతికిచ్చి కొలుచుకొచ్చేది. తహసీలు ఆఫీసులో ఒడియాలో బతిమాలి పట్టాలు సరిచూసుకునేది. సైట్ల దగ్గర ఆడపిల్ల వెళ్ళడానికి మరుగుదొడ్డి ఉండదని పొద్దున్నుంచీ నీళ్ళు ముట్టేది కాదు. ఇదంతా ఎందుకు? ఆ లైసెన్సు తనకీ రావాలని. దానికి డిగ్రీ ఒక్కటే చాలదు. డిగ్రీ తరవాత అయిదేళ్ళ అనుభవం కావాలి, యాభై గంటల క్లాసులు వినాలి, పరీక్ష గట్టెక్కాలి. క్లాసులు విన్నది. పరీక్ష మొదటిసారే గట్టెక్కింది. అయిదేళ్ళూ నిండాయి. ఇక మిగిలింది మేనమామ రాసివ్వాల్సిన అనుభవం సర్టిఫికెట్టు.

రేపు మాపు అని తిప్పాడు. అమావాస్య అన్నాడు, మూఢం అన్నాడు. సర్టిఫికెట్టుకి మూఢమేమిటండీ, పెళ్ళా పేరంటమా! ఓపిక చచ్చి, నిన్న ఆదివారం దాన్ని వెంటబెట్టుకుని నేనే వెళ్ళాను.

వదిన కోటేశ్వరమ్మ కాఫీలిచ్చింది. అన్నయ్య గ్లాసులోకి చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"రాసిద్దునే గౌరీ. కానీ సాయిగణేష్‌కి రాసిచ్చేసేను కదా."

సాయిగణేష్ వాళ్ళబ్బాయి. వాడిదీ సివిల్ డిగ్రీయే. ఈ అయిదేళ్ళూ జయపురంలో సెల్‌ఫోన్ల షాపు నడిపి, ఈమధ్యే మూసేసి వచ్చాడు.

"ఆడికి రాస్తే దీనికి రాయకూడదా?" అన్నాను.

"ఎలా రాస్తాను? ఆ సైట్లన్నీ ఆడే సూసేడని రాసేసేను. మళ్ళా అమ్మి సూసిందని రాస్తే ఇద్దరివీ కొట్టేస్తారు. అయినా దీనికి ఉద్యోగం కాయితమేటి ఉంది? ఇంటి పిల్లే కదాని చేతికి ఏదో ఇచ్చేవోణ్ణి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటి పిల్ల అని కాయితం ఇవ్వలేదట, కాయితం లేదు కనక పని చెయ్యలేదట! కన్నకూతురితో సమానమని ఊరంతా చెప్పుకున్న నోరే అది.

సుహాసిని గొంతు పెంచలేదు. "మావయ్యా, బావది వెనక్కి తీసీసుకో. నిజం ఏటో అది రాయి" అంది.

"కన్నకొడుకు నోటికాడ కూడు లాగీమంటావేటే?"

వదిన అందుకుంది. "అంత గొడవెందుకు గౌరీ? మేనరికం కలిపేసుకుందాం. లైసెన్సు మొగుడి పేర ఉంటే ఏటి, పెళ్ళాం పేర ఉంటే ఏటి? సుహాసిని ఇలాగే తిరుగుతాది, గణేష్ సంతకాలు పెడతాడు. ఒక్కిల్లే కదా!" అని లోపల్నుంచి పళ్ళెం తెచ్చింది. పసుపు, కుంకం, జాకెట్టు ముక్క, అరటిపళ్ళు. అన్నీ ముందే సర్ది ఉంచారు.

సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా! ఇక్కడ సొమ్ము పోగొట్టుకున్న పిల్లనే సోకు చేసుకునేవాడికి కట్టబెడతారట.

"నీ కొడుక్కి పెళ్ళాం కావాలా, పనిమనిషి కావాలా? ముందది తేల్సుకో" అని పళ్ళెం పక్కకి నెట్టి లేచాను. పుట్టింటి బొట్టు కాదనడమంటే మా వాళ్ళలో తెగతెంపులే. తెలిసే నెట్టాను.

గేటు దాటగానే సుహాసిని ఆగింది.

"అమ్మా, బ్యాంకు తరఫున నాతో సైట్లకొచ్చిన బిశ్వజిత్ గారున్నారు. కొలిసింది నేనేనని రాసి నా ఫోనుకి పంపేరు. అది లైసెన్సులిచ్చే ఆఫీసుకి పంపితే బావ సర్టిఫికెట్టు పోతాది. సూడకుండా సంతకాలు పెట్టేడని మావయ్య లైసెన్సూ పోవొచ్చు. అప్పుడైనా నాకొస్తాదో రాదో తెలీదు. నీ మొహం సూసి ఆగేను."

నాన్న పోయాక నన్ను పెంచి పెళ్ళి చేసినవాడు మా అన్నయ్య. ఆ రుణం ఉంది, కాదనను. ఉంటే నేను తీర్చుకోవాలి గానీ, నా కూతురి అయిదేళ్ళు పెట్టి తీర్చడమేమిటి?

వెనక్కి తిరిగితే అన్నయ్య కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "గౌరీ, బొట్టు పెట్టించుకోకుండా ఎళ్ళకే" అంటున్నాడు. నేను సుహాసిని వైపు తిరిగాను.

"పంపు" అన్నాను.

"ఇంటికెళ్ళి ఆలోసించుకుని సెప్పమ్మా."

"ఇంటికెళ్తే నా మనసు మారిపోతాది. ఇక్కడే పంపు, నా కళ్ళెదుట."

అది పంపింది. అన్నయ్య ఇంకా పిలుస్తూనే ఉన్నాడు.