నాగన్నకు వేడి

గల్ఫ్‌లోని అల్ ఐన్‌లో ఆగస్టు ఎండకు కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని కూర్చుంటాయి. అలాంటి చోట ఒక పాముకు చలేస్తుందని హీటర్ పెట్టారంటే జగిత్యాల వైపు జనం నవ్వరూ? అక్కణ్ణుంచి వచ్చిన పర్శరాములు కూడా మొదట నవ్వాడు. తర్వాత అదే అతనికి బతుకుతెరువయింది.

పదకొండేళ్ళు తనను పనికి తెచ్చుకున్న యజమాని, కఫీల్ తోటలో ఖర్జూరపు చెట్లెక్కిన మనిషి. నిరుడు వడదెబ్బకు చెట్టు మొదట్లోనే కూలబడితే, కఫీల్ కొడుకు సైఫ్ జాలిపడి తన పెంపుడు కొండచిలువను చూసుకునే పని ఇచ్చాడు. తోట ఇంట్లో ఒక గది, అందులో గాజుపెట్టె, పక్కనే పర్శరాములు మంచం. ఏసీ ఆపితే పాము ఉడికిపోతుంది, వేస్తే ముడుచుకుపోతుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అందుకని పెట్టెకు ఒక పక్క అడుగున వేడి పలక పెట్టారు. పెట్టె లోపల అతికించిన సన్నని వైరు ఆ వేడిని కనిపెడుతుంది. ముప్పై రెండు డిగ్రీలు దాటితే పలక ఆగిపోతుంది. ఆ వైరును మాత్రం ముట్టవద్దని సైఫ్ హిందీలో మూడుసార్లు చెప్పాడు. పాముకేమైనా అయితే మళ్ళీ ఎండలోకే పోవాలని పర్శరాములుకు తెలుసు. ఆ ఎండంటే అతనికి ప్రాణభయం.

నాగుల పంచమి ముందురోజు ఇంటినుంచి భార్య లక్ష్మవ్వ ఫోన్ చేసింది.

"ఈడ పుట్ట యాడుందే, పాలు పోయనీకి?" అన్నాడు.

"నాగన్నను ఇంట్లనే పెట్టుకొని పుట్టకు దేవులాడుతున్నవా? గిన్నెడు పాలు ఆయన ముందటనే పెట్టరాదు. నీ పానం సల్లగుంటది."

తెల్లారి స్నానం చేసి పాలు కాచాడు. పండగపూట దేవుడి తావు తుడవకుండా పాలెలా పెడతాడు? పాము తన గూట్లో ముడుచుకుని ఉంది. తుడవడానికి అడ్డమని వైరు ఊడదీసి, పక్కనున్న నీళ్ళ గిన్నె అంచున వేశాడు. తడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు, పాలు పెట్టాడు, దండం పెట్టుకున్నాడు. వైరు మాట మరిచిపోయాడు. అది జారి నీళ్ళలో పడింది. నీళ్ళు చల్లగానే ఉన్నాయి గనక పలక ఆగకుండా కాలుతూనే ఉంది.

మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి పాము చల్లటి మూలన గాజుకు అతుక్కుని ఉంది. పొట్ట మీద పొలుసులు ఎర్రగా కమిలాయి. పాలు ముట్టనే లేదు. పర్శరాములుకు నీళ్ళ గిన్నెలో వైరు కనిపించింది. వెంటనే స్విచ్చి ఆపాడు.

వైరును యథాస్థానంలో అతికిస్తే అడిగేవాడు లేడు. మిషనే ఖరాబయిందని చెప్పినా సైఫ్ నమ్ముతాడు. వైరు తీసి తుడిచి, పెట్టె లోపలికి చెయ్యి పెట్టాడు కూడా. కానీ కాలిన ఒంటికి మందు పడాలి కదా. పాము కమిలిన పొట్టను లాక్కుంటూ ఇంకో మూలకు పోయింది. అతను చూడలేకపోయాడు. ఫోన్ తీశాడు.

"సైఫ్ భాయ్, గల్తీ మేరా. వైర్ మై నికాలా." తప్పు తనదేనని, వైరు తీసింది తనేనని చెప్పేశాడు.

సైఫ్ గంటలో వచ్చాడు. పాలగిన్నె వంక చూశాడు. పామును గుడ్డసంచిలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. మర్నాడు తోట పనులు చూసే ముదీర్ వచ్చి, "యల్లా, రాములు, తోటలోకి" అన్నాడు.

మూడు వారాల తర్వాత సైఫ్ కారాపి, చెట్టు కింద ఉన్న పర్శరాములును పిలిచి ఫోన్లో ఫొటో చూపించాడు. పాము కుబుసం విడిచింది. పొట్ట మీది కొత్త తోలుకు మచ్చలు చాలామట్టుకు పోయాయి. పర్శరాములు ఆ ఫొటోకు దండం పెట్టాడు. తిరిగి చెట్టు దగ్గరికి నడిచాడు.

మర్నాడు పొద్దున పది గంటలకు, ఎండకు మెడ మీద తోలు పొరలుగా లేస్తుంటే, లక్ష్మవ్వ ఫోన్ వచ్చింది.

"నాగన్న మంచిగున్నడా? నువ్వు గా సల్లటి అర్రలనే ఉన్నవా?"

పాలు పెట్టమన్నది ఆమే గదా. తెలిస్తే ఏడుస్తుంది.

"ఆయన మంచిగున్నడు," అన్నాడు తలగుడ్డ కళ్ళ మీదికి లాక్కుంటూ. "నేను గూడ సల్లగనే ఉన్న."