పేరు చెప్పకూడని ఆకు

నేను ఒక కల్వాన్ని. నల్లరాతిని పడవలా తొలిచి చేసిన, మందులు నూరే చిన్న రోలును. నాలో ఒదిగి ముందుకూ వెనక్కూ జరిగే రాతి గుండు ఒకటి నాకు తోడు. మేమిద్దరం ఒకే బండలోంచి వచ్చాం. ఒకరు లేకపోతే రెండోవారు ఉత్త రాయి.

దుర్గి వైపు ఒక శిల్పి ఆంజనేయస్వామిని చెక్కుతుంటే తోక పక్కన కొంత రాయి మిగిలింది. ఆ మిగిలిన రాయిని నేను. తక్కిన బండంతా దేవుడై గుడికి వెళ్ళింది. దానికి సింధూరం, వడమాలలు. నాకు ఆకు పసర్లు. నేను అసూయపడలేదు. స్వామికి మొక్కి వచ్చినవాళ్ళే తిరుగుదారిలో మా అరుగు దగ్గర కూడా ఆగేవారు. కష్టంలో ఉన్న మనిషికి ఒక్క తలుపు తడితే తృప్తి ఉండదు. అది తప్పని నేను అనుకోను. దేవుడు కూడా అనుకోడేమో.

మా అరుగు అంటే చెన్నకేశవులు గారి ఇంటి అరుగు. మార్కాపురం దాటి నల్లమల వైపు వెళ్ళే దారిలో ఉంటుంది. ఆయన తాత నన్ను శిల్పిని అడిగి తెచ్చుకున్నాడు. తాత, తండ్రి, ఆ తర్వాత ఈయన, ముగ్గురూ నాలో ఒకటే ఆకు నూరారు. ఆదివారం పొద్దు పొడవకముందే కొండకు పోయి కోసుకొచ్చేవారు. ఆ మందుకు నియమాలున్నాయి. ఇనుము తగలకూడదు. ఇచ్చినందుకు ఏమీ పుచ్చుకోకూడదు. అన్నిటికన్నా పెద్ద నియమం, ఆకు పేరు ఎవరికీ చెప్పకూడదు. తండ్రి కొడుకు చెవిలో చెప్పాలి, అంతే. పరాయి చెవిన పడితే ఆకులో బలం పోతుందని వాళ్ళ నమ్మకం. ఎవరూ గుర్తుపట్టకుండా కొండమీదే నలిపి ముద్ద చేసి తెచ్చేవారు. మూడు తరాలు ఆ పసరు తాగిన నాకు కూడా దాని పేరు తెలియదు.

మందు పనిచేసేదా అని మీరు అడుగుతారు. జబ్బు తగ్గినవాళ్ళు కొబ్బరికాయ పట్టుకుని వచ్చి గుమ్మం ముందు కొట్టి వెళ్ళేవారు. తగ్గనివాళ్ళు రారు కదా. అరుగుమీద కూర్చున్న నాకు కనిపించినవి కొబ్బరికాయలే.

అలాంటి అరుగు మీదికి ఒక పొద్దున తులశమ్మ వచ్చింది. తలకు చీర కొంగు గట్టిగా చుట్టుకుంది. కొంగు కింద జుట్టు లేదు. వెనక ఆమె భర్త రత్తయ్య, ముఖం ముడుచుకుని.

"రొమ్ములో గడ్డ బాబాయ్. గుంటూరులో ఆపరేషన్ చేశారు. ఇప్పుడు కీమో ఎక్కిస్తన్నారు," అంది తులశమ్మ.

చెన్నకేశవులు ఆమె తలకు చుట్టిన కొంగు వైపు చూశాడు. "ఆ మందు మానుతున్నావా తల్లీ?"

"మానను."

"అయితే వినుకో. నా ఆకు గడ్డను కరిగిస్తదని నేను చెప్పను. మా నాయన కూడా ఈ జబ్బుకి చెప్పలా. ఒంట్లో కాక తగ్గుద్ది, కూడు మీదికి మనసు పోద్ది. అంతవరకే నాకు ఎరిక."

"అంతవరకే ఇయ్యి బాబాయ్."

రత్తయ్యకు నచ్చలేదు. "లక్షణంగా అంత పెద్దాసుపత్రిలో చూపిస్తంటే ఈ పసర్లు ఎందుకే," అన్నాడు. మళ్ళీ తానే, "సరేలే, మిక్సీలో వేసి ఒక తిప్పు తిప్పితే పోద్ది," అన్నాడు.

"ఇనుము తగలకూడదయ్యా. నీ మిక్సీలో ఉండేది ఇనుము కాదా?" అన్నాడు చెన్నకేశవులు. అని ఆకు ముద్దనూ నన్నూ గుండునూ తుండుగుడ్డలో మూటగట్టి తులశమ్మ చేతికిచ్చాడు. "నయమయ్యాక తెచ్చియ్యి."

అలా నేను మొదటిసారి ఆ ఇల్లు దాటాను.

తులశమ్మ నూరింది కానీ తాగలేదు. గుంటూరు డాక్టరమ్మకు చెప్పకుండా తాగనని దేవుడి గూటి ముందు అనుకుంది. ఏ మందైనా తనకు చూపించకుండా వాడొద్దని ఆ డాక్టరమ్మ ముందే చెప్పి ఉంది. చూపించమన్నారు గనుక, తులశమ్మ పసరుతో సహా నన్ను అరటాకులో చుట్టి, సంచిలో పెట్టుకుని, బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని గుంటూరు తీసుకెళ్ళింది.

ఆసుపత్రి హాలులో బెంచీల మీద కొంగులు కట్టుకున్న తలలు చాలా ఉన్నాయి. పక్కన కూర్చున్న బాపట్ల ఆవిడ ఒకరు సంచిలోకి తొంగి చూసింది.

"ఏంది అమ్మాయ్, రోలు మోసుకొచ్చావు? ఇక్కడే పచ్చడి చేస్తావా?"

"పసరు మందు పిన్నీ. డాక్టరమ్మకి చూపించి తాగుదామని."

"చెప్పమాక. చెబితే తిడతారు, చెప్పకపోతే అడగరు. నా సీసాలో బొప్పాయాకు రసం ఉంది. మా కోడలు విభూది కట్టిచ్చింది. మా తమ్ముడు టీవీలో చూసి గుళికలు తెప్పించాడు. అన్నీ లోపలికి పంపిస్తన్నా. కావాల్సింది ఆ దేవుడే ఏరుకుంటాడు."

చుట్టూ నవ్వారు. నవ్వినవాళ్ళలో కొందరు తమ సంచులు కాస్త దగ్గరికి లాక్కున్నారు. అప్పుడు నాకు అర్థమైంది. ఆ హాలులో ఉన్నది ఒక్క ఆసుపత్రి కాదు, చాలా ఉన్నాయి. ఒకటి డాక్టరు బల్ల మీద, మిగతావన్నీ సంచుల్లో. ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. అన్నీ కలుసుకునేది మాత్రం పేషెంటు కడుపులోనే.

డాక్టర్ ఇందుమతి నన్ను బల్లమీద చూసి ముందు తెల్లబోయింది, తర్వాత నవ్వింది. "మందు చూపించమంటే రోలు తెచ్చారా?"

"మందు ఇందులోనే ఉంది డాక్టరమ్మా."

వేలితో పసరు తీసి వాసన చూసింది. "ఏ ఆకు ఇది?"

"తెలియదండీ. పేరు చెప్పకూడదు."

డాక్టరమ్మ ముఖంలో నవ్వు పోయింది. కోపం మాత్రం రాలేదు. తాను ఎక్కించే మందు లివర్ గుండా పోతుందని, ఈ ఆకు కూడా అక్కడే పనిచేసేదైతే రెండూ కలిసి లివర్‌ను పాడు చేస్తాయని, అలా పాడై వచ్చినవాళ్ళను చూశానని నెమ్మదిగా చెప్పింది. "పేరు తెలియకుండా సరే అనలేను. వద్దు అనడమే నాకు తేలిక."

తులశమ్మ నా అంచు మీద వేలు రాసింది.

"మీ మందు మానతానని నేను అనట్లేదు డాక్టరమ్మా. ఇక్కడికొస్తే రక్తం మీరే తీస్తారు, మందు మీరే ఎక్కిస్తారు, మళ్ళీ ఎప్పుడు రావాలో మీరే చెప్తారు. ఒళ్ళు నాది, జబ్బు నాది. ఈ జబ్బుకి నేను చేసేది ఏముందని చూసుకుంటే, చెయ్యి చాపటం ఒకటే కనపడతంది. పొద్దున్నే లేచి, నా కోసం నేను కాస్త ఏదన్నా నూరుకోవాలని ఉంది. దొంగగా తాగటం నాకు చేతకాదు. మీతో చెప్పి తాగాలని ఉంది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పండి, వింటాను. తెలియదు కాబట్టి వద్దంటే మనసుకి పట్టట్లేదు."

హాలులో ఎవరి పేరో పిలుస్తున్నారు. డాక్టరమ్మ వినిపించుకోలేదు. "పేరు తీసుకురండి," అంది చివరికి. "నేను కనుక్కుంటాను. కాదంటే ఎందుకు కాదో చెబుతాను. మాట ఇస్తున్నా."

ఆ మాట పట్టుకుని తులశమ్మ మళ్ళీ మా అరుగెక్కింది. చెన్నకేశవులు విని తల అడ్డంగా ఊపాడు.

"పేరు చెబితే అది మందు కాదు తల్లీ. ఆకుగా మిగుల్తది."

"ఆకుగానే ఇయ్యి బాబాయ్."

"నీకు తెలియదు. మా తాత ప్రాణం పోతా చెప్పిన మాట అది."

రత్తయ్య ఆగలేకపోయాడు. "మీ తాత మాట బతకాలా, ఇది బతకాలా?"

"ఊరుకోవయ్యా," అంది తులశమ్మ. "ఆయన ఇంట్లో కూర్చుని అట్టా అంటారా?" తర్వాత చెన్నకేశవులు వైపు తిరిగింది. "ఇష్టం లేకపోతే వద్దు బాబాయ్. కల్వం తెచ్చిచ్చాను, తీసుకో."

ఆయన నన్ను తీసుకోలేదు. నాలో ఎండిపోయిన పసరును గోటితో గీకుతూ ఉండిపోయాడు. మనిషి ఒక నియమాన్ని ఎందుకు పట్టుకుంటాడు? అది నిజమనా, లేక పెద్దలు పట్టుకున్నారనా? ఆ తేడా ఆయన ఎప్పుడూ చూసుకోవలసిన అవసరం రాలేదు. ఇప్పుడు వచ్చింది.

కీమో రోజున ఆసుపత్రికి ఆయన తానే వచ్చాడు. ఉతికిన పంచె కట్టి, చంకలో గుడ్డ చుట్టిన కొమ్మతో. ఈసారి నలపలేదు. నేను కూడా ఉన్నాను. సరే అంటే ఆ సాయంత్రమే నూరుకుందామని తులశమ్మ ఆశ. డాక్టరమ్మ గదిలో ఆయన నిలబడే అన్నాడు, "చెవి ఇటు పెట్టమ్మా. మా పద్ధతి అది."

నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టర్ ఇందుమతి మాత్రం నవ్వలేదు. మెడలో స్టెతస్కోపు తీసి పక్కన పెట్టి, లేచి వచ్చి, ఆయన ముందు చెవి వంచింది. ఆయన చెప్పాడు. బల్లమీద ఉన్న నాకు వినిపించలేదు.

"మా అబ్బాయి ఎప్పుడూ ఇట్టా చెవి పెట్టలా," అన్నాడాయన తర్వాత. "మీరు పెట్టారు."

డాక్టరమ్మ పుస్తకాలు చూసింది, ఆయుర్వేద కాలేజీలో తెలిసినవాళ్ళకు ఫోన్ చేసింది, మర్నాడు పిలిచి చెప్పింది. ఆకు చెడ్డది కాదు. కానీ నిజంగానే లివర్ మీద పనిచేస్తుంది. కీమో నడుస్తున్నప్పుడు వద్దు. అది పూర్తయ్యాక, రక్తపరీక్ష బాగుంటే, అప్పుడు చూద్దాం.

"అట్టాగే," అంది తులశమ్మ. ఆమె గొంతులో నిరాశ ఉంది, బాధ లేదు. కారణం చెప్పి ఆపిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది కదా.

చెన్నకేశవులు నన్ను తిరిగి తీసుకోలేదు. "పేరు బయటికొచ్చింది. ఇంక నేను ఎవరికీ ఇయ్యను. నాకెందుకు ఈ కల్వం, నీ దగ్గరే ఉండనీ," అన్నాడు. అలా నేను తులశమ్మ ఇంట్లో దేవుడి గూటి కింద చేరాను. తులశమ్మ రోజూ నన్ను కడిగి బోర్లించేది. కడిగిన ప్రతిసారీ లోపల ఒకసారి అరచేత్తో తడిమేది. ఆకు లేని నాకు ఆ తడమడమే ఆకు అయింది.

కీమో పూర్తయింది. జుట్టు పావలా కాసు మందాన వచ్చిందని రత్తయ్య ఊరంతా చెప్పుకున్నాడు. రక్తపరీక్షకు వెళ్ళినప్పుడు స్కానింగు కూడా తీశారు. ఎముకలో ఏదో కనిపించింది. కొత్త మందు మొదలైంది. ఆకు తాగొచ్చా అని తులశమ్మ అడిగింది. "ఇప్పుడు కాదమ్మా," అంది డాక్టరమ్మ. ఆ మందు తర్వాత ఇంకో మందు. తులశమ్మ ప్రతిసారీ అడిగింది, డాక్టరమ్మ ప్రతిసారీ ఎందుకు కాదో చెప్పింది. ఇంటికొచ్చి తులశమ్మ నాతో అనేది, "ఇంకొంచెం ఆగుదాం." ఆగడం నాకు అలవాటే. కానీ రాయి ఆగడం వేరు, మనిషి ఆగడం వేరు.

ఒకసారి ఆసుపత్రికి వెళ్ళి త్వరగా తిరిగొచ్చారు. రత్తయ్య చెప్పులు విప్పకుండానే వరండాలో కూలబడ్డాడు. తులశమ్మ లోపలికి వచ్చి, నన్ను తీసి వెల్లకిలా పెట్టి, దేవుడికి చెబుతున్నట్టు చెప్పింది.

"తాగొచ్చంది."

ఆమె ముఖంలో సంతోషం కోసం చూశాను. లేదు.

"ఇప్పుడెందుకు తాగొచ్చమ్మా అని అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. కారణం చెప్తానని మాటిచ్చింది కదా. చెప్పింది. ఇంక ఎక్కించే మందు నా ఒళ్ళు తట్టుకోదంట. నొప్పికి మాత్రలు రాసిచ్చింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఫోన్ చెయ్యమంది. ఆకు మాత్రం తాగొచ్చంట, ఇష్టమైతే."

ఇన్నాళ్ళు ఆమె కోరుకున్న అనుమతి అది. వస్తే ఎలా ఉంటుందో మేమిద్దరం చాలాసార్లు ఊహించుకున్నాం. ఇలా వస్తుందని అనుకోలేదు.

కబురు అందగానే చెన్నకేశవులు కొండకు పోయాడు. ఆదివారం కాదు. పొద్దు పొడిచాక, అందరూ చూస్తుండగా ఆకు తెచ్చాడు. "బలం ఉందో లేదో తెలియదు తల్లీ. పేరు చెప్పేశాను," అన్నాడు.

"నా పేరు కూడా అందరికీ తెలుసు బాబాయ్. నాలో బలం లేదా?" అంది తులశమ్మ. ఆయన తల తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. అయినా ఆ పేరు ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆమె వరండాలో ఎండ పడేచోట కూర్చుని నూరింది. ముందుకు, వెనక్కు. చాలాకాలం తర్వాత నాలో పచ్చదనం పారింది. గిన్నెలోకి పిండుకుని, దాచకుండా, వీధిలో పోయేవాళ్ళు చూస్తుండగా తాగింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే నూరుతుంది. చెయ్యి తేలికవుతూ వస్తోంది. ఈ మధ్య రత్తయ్య ఎదురుగా కూర్చుని ఆమె చేతి మీద తన చెయ్యి వేసి తోస్తున్నాడు. పసర్లు ఎందుకన్నది ఆయనే. "మెల్లగా తొయ్యయ్యా, చెయ్యి నలుగుద్ది," అని ఆమె విసుక్కుంటుంది. తాగాక కాసేపు ఎండలో కూర్చుని, నన్ను తానే కడుగుతుంది. ఎవరినీ కడగనివ్వదు.

ఆకు పనిచేస్తుందో లేదో నాకు తెలియదు. రాతిని, నన్ను అడగకండి. రాత్రి బోర్లించి పెట్టాక చీకట్లో నేను కోరుకునేది ఒక్కటే. రేపు పొద్దున ఆ చెయ్యి మళ్ళీ నామీద పడాలి.