మూసిన గవాచి

శనివారం సాయంత్రమైతే చాలు, కృపమణి తన గ్యాస్ పొయ్యిని చంటిబిడ్డకు నీళ్లు పోసినంత ముద్దుగా కడిగి తుడుస్తుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఆటపట్టించినా పట్టించుకోదు. కట్టెల పొగకు తల్లి కళ్లు పోవడం చూసిన మనిషికి పొయ్యి మీద ఆ మాత్రం మమకారం ఉండదా మరి.

బేతంచెర్ల దగ్గర పల్లెలో వాళ్లది ఒంటిగది మిద్దె. పొయ్యి వచ్చిన వారమే ఆమె భర్త ప్రేమయ్య పైకెక్కి, పొగ పోవడానికి పెద్దలు కప్పుకు వదిలిన కంతను, అదే గవాచిని, బండ పరిచి మూసేశాడు. పొగే లేనప్పుడు కంత ఎందుకు? దుమ్ము పడదు, గాలికి మంట రెపరెపలాడదు. ఆ వీధిలో అందరూ చేసిన పనే అది. సిలిండరు ఇచ్చినవాళ్లు పొయ్యి వెలిగించడం, ఆర్పడం నేర్పారు గానీ గవాచి సంగతి అడిగిన పాపాన పోలేదు.

నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పీల్చిన రాతిదుమ్ము ప్రేమయ్య ఊపిరితిత్తులను ముందే తినేసింది. పని మానుకుని ఆ గదిలోనే మంచం పట్టాడు. అతను దక్కితే చాలునని కృపమణి ఆశ. దగ్గు తెర వచ్చినప్పుడల్లా పొయ్యి మీద నీళ్లు మరిగించి ఆవిరి పట్టేది. చలిగాలి తగలకూడదని తలుపు కూడా వేసేది. ఎంత మరిగిస్తే అంత మేలనుకుంది పిచ్చితల్లి. ఆయాసం మాత్రం నానాటికీ ఎక్కువైంది.

చివరికి అతన్ని కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరమ్మ పరీక్ష చేసి అడిగింది.

"వంట యాడ చేస్తారమ్మా?"

"ఆయప్ప పండుకునే గదిలోనే మేడం. గ్యాసే, పొగ రాదు."

"కిటికీ ఉండాదా?"

"ల్యాదు. గవాచి ఉన్నింది, మూసేసినాం."

డాక్టరమ్మ విడమరచి చెప్పింది. "గ్యాస్ మంటకు పొగ కనపడదు గానీ ఊపిరికి పడని వాయువులు వస్తాయమ్మా. మూసిన గదిలో అవి ఎక్కడికి పోతాయి? ఈయనవి ముందే పాడైన తిత్తులు. ఆ బండ తీయించండి. పోయిన ఊపిరిని మాత్రం నేను తెచ్చియ్యలేను."

మర్నాడు మరిది యేసుప్రసాద్ బండ తొలగించాడు. గదిలోకి వెలుతురు పడింది. కృపమణి మంచం కోడు పట్టుకుని కుప్పకూలి ఏడ్చింది.

"నా చేతులతోనే నీకు..."

"ఊరుకో మే. బండ పెట్టింది నేనే గదా. నువ్వు నా కోసరమే చేస్తివి," అన్నాడు ప్రేమయ్య ఆయాసపడుతూ.

ఆ చలికాలం అతను దాటలేదు.

అతను పోయాక చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడికలో పాస్టర్ జయపాల్ ఆమెను రెండు మాటలు చెప్పమన్నాడు. కృపమణి లేచి నిలబడింది.

"గ్యాసుకు పొగ ల్యాదని గవాచి మూస్తిమి. మీ ఇండ్లల్లో ముసలోళ్లు ఉండారు, పసిపిల్లోళ్లు ఉండారు. పోయి తెరిపించండి."

ఆడవాళ్లు ఆమెను పట్టుకుని ఏడ్చారు. భోంచేసి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లారు. నెలలు గడిచినా ఏ మిద్దె మీదా బండ కదల్లేదు. అడిగితే, తమ ఇంట్లో ఎవరికీ దగ్గు లేదన్నారు.

చదివే అమ్మలారా, అయ్యలారా, తప్పు పొయ్యిది కాదు. పొగ కనపడకపోయినా పొయ్యి వెలిగే గదిలో గాలి ఆడాలి. ఈ మాట నమ్మడానికి మన ఇంట్లో ఒక మనిషి పోవాల్సిన పని లేదు.