ఎనిమిది పెట్టినా మూడే

సూర్యాపేట బస్టాండులో బస్సు పూర్తిగా ఆగకముందే ఊర్మిళ దూకేసింది. ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ. మూడింటికి ఆన్‌లైన్ పరీక్ష. తను చదివే కోదాడ ఇంజనీరింగ్ కాలేజీకి ఈ ఏడు ఉద్యోగాలివ్వడానికి వచ్చిన ఆఖరి కంపెనీ పరీక్ష అది. పరీక్ష సాఫ్ట్‌వేర్ తెరుచుకోవాలంటే ల్యాప్‌టాప్‌లో ఎనిమిది జీబీ మెమరీ ఉండాలి. నిన్ననే బస్టాండు పక్క దుకాణంలో వేయించింది. పొద్దున తెరిస్తే ఎర్రటి అక్షరాలు: మెమరీ చాలదు.

దుకాణంలో నలుగురు ఉన్నారు. ఆమె ల్యాప్‌టాప్‌ను కౌంటర్ మీద పెట్టి గొంతు పెంచింది.

"లక్ష్మణన్నా, గిదేం మోసం? ఎనిమిది పెట్టిన అన్నవ్. వాడుకునేది మూడే అని చూపిస్తున్నది. నకిలీది అంటగట్టినవా?"

మెకానిక్ లక్ష్మణ్ స్క్రూడ్రైవర్ కింద పెట్టలేదు. "జర నిమ్మళం చెల్లె. గిరాకి ముందల ఇజ్జత్ తియ్యకు."

అంతలో ఫోను. మిర్యాలగూడ నుంచి స్నేహితురాలు అఖిల. సంగతి వినగానే అంది: "ఎనిమిదితోని ఏమైతదే? పదహారు వేయించుకో!"

"అన్నా, పదహారు పెట్టు," అంది ఊర్మిళ.

"ముప్పై రెండు జీబీ పెట్టినా నీకు మూడే కనవడ్తది." లక్ష్మణ్ ల్యాప్‌టాప్ ఆపి, మళ్లీ ఆన్ చేసి, విండోస్ రాకముందే ఒక మీట నొక్కాడు. తెర మీద ఎనిమిది జీబీ అని స్పష్టంగా ఉంది. "సూడు. మిషన్‌కు కనవడ్తున్నది, విండోస్‌కే కనవడ్తలేదు. నీది ముప్పై రెండు బిట్ విండోస్. ఎంత మెమరీ పెట్టినా నాలుగు దాటనియ్యది, అండ్ల ఒకటి మిషనే తింటది. ఎవడేసిండు దీన్ని?"

ఊర్మిళకు గుర్తొచ్చింది. రెండేళ్ల కింద, ఇందులో రెండే జీబీ ఉన్నప్పుడు, తేలిగ్గా నడుస్తుందని ఏరికోరి ఎక్కించింది తానే. అప్పటికి అది సరైన పనే.

"నేనే."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"అరవై నాలుగు బిట్‌ది ఎక్కియ్యాలె. గంటన్నర పడ్తది. సి డ్రైవ్ మొత్తం పోతది. ఏమన్న ఉన్నదా అండ్ల?"

"అన్నీ డి డ్రైవ్‌ల దాసిన. తుడువు."

"గంత తెలివి పెట్టుకొని గిదెట్ల మర్సినవ్!"

ఊర్మిళ కూర్చోలేకపోయింది. కౌంటర్ నుంచి గుమ్మానికి, గుమ్మం నుంచి కౌంటర్‌కు తిరిగింది. రెండుంబావుకు డెబ్బై శాతం. పది నిమిషాల తర్వాత కూడా డెబ్బై ఒకటే.

"కరెంటు పోతే అన్నా?"

"యూపీఎస్‌కు పెట్టిన. నువ్వు గట్ల తిరుగుతుంటే నాకే బీపీ వచ్చేటట్టున్నది."

రెండూ నలభై ఎనిమిదికి కొత్త విండోస్ తెరుచుకుంది. ఊర్మిళ ఫోన్ నెట్‌తో పరీక్ష సాఫ్ట్‌వేర్ దింపింది. మెమరీ తనిఖీ మొదలైంది. చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది. పచ్చటి టిక్కు!

వెంటనే ఇంకో హెచ్చరిక: గదిలో ఇంకెవరూ ఉండకూడదు, మాటలు వినిపించకూడదు.

లక్ష్మణ్ ల్యాప్‌టాప్‌ను, యూపీఎస్‌ను వెనక గదిలోకి మోశాడు. అట్టపెట్టెలు జరిపి కుర్చీ వేశాడు. తలుపు దగ్గరికి వేసి, ముందుకెళ్లి షట్టర్ సగం దించాడు.

"బంద్ పెట్టినవా లక్ష్మణ్?" బయట ఎవరో అడిగారు.

"ఐదింటికి రాండ్రి. లోపట పరీక్ష నడుస్తున్నది," అన్నాడతను, గొంతు బాగా తగ్గించి.

ఊర్మిళకు వినిపించింది. సారీ చెప్పడానికి ఐదింటిదాకా ఆగాలి. చెమట పట్టిన వేళ్లు చున్నీకి తుడుచుకుంది. మొదటి ప్రశ్న వచ్చేసింది.