దేవదారు నూనె

నాకు ముక్కుమీదే కోపం. వడ్రంగి వెంకటగిరియప్పనైన నాకు ఎదురు చెప్పకూడదని మా నగర్తపేటలో అందరికీ తెలుసు. అందుకు గర్వపడేవాణ్ణి కూడా.

యుద్ధం రోజులవి. బర్మా జపానువాళ్ల చేతికి పోయాక టేకు రావడం ఆగిపోయింది. మా వీధి చివర పట్టుచీరలు నేసే అక్కయమ్మ ఇంటి ద్వారబంధాన్ని చెదలు తినేశాయి. నేసిన చీరను చుట్టుకునే మగ్గం కర్రనూ వదల్లేదు. సైన్యం బస చేసే దండు వైపు మిలిటరీవాళ్లు వేలం వేసిన దేవదారు దూలం ఒకటి తెచ్చాను.

అక్కయమ్మ గోటితో నొక్కి చూసింది. గాటు పడింది.

"మెత్తగా ఉండాదే అప్పా."

"మెత్తనే అక్కా. అయితే దీంట్లో నూనె ఉండాది. చెదలు దగ్గరికి రావు. ఉత్తరాదిన మంచులో, వానలో ఇండ్లకీ వంతెనలకీ దీన్నే వాడతారు. వాసన చూడు."

వాసన చూసి ఆమె తలూపింది. పసుపు కుంకుమ పెట్టి ద్వారబంధం నిలబెట్టాం. మిగిలిన ముక్కతో మగ్గానికి కొత్త కర్ర కూడా చేసిచ్చాను.

"కొత్త కర్రకి పాత పంచ చుట్టి నెల దినాలు ఎండలో పెడతామప్పా, మా నేతోళ్లం," అందామె నెమ్మదిగా.

"ముప్పై ఏండ్లుగా మాను కోస్తా ఉండాను. నాకే చెప్తావా?" అన్నాను.

ఆమె ఆ రోజే కర్ర బిగించుకుంది. పట్టంతా విమానాల్లోంచి దూకే గాలిగొడుగులకని మిలిటరీకి పోతున్న కాలం. సావుకారు మునినారాయణప్ప ఆమెకు ఒక్క చీరకు సరిపడా పట్టు ఇచ్చి, అది బాగుంటేనే మళ్లీ ఇస్తానన్నాడు. మగ్గం ఆగితే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు.

చీర దించిన రోజు నన్ను పిలిచింది. మొదట నేసిన మూరన్నర మేర, జానెడు జానెడు దూరాన, కర్ర ఒక్కో చుట్టుకు ఒకటిగా, నూనె మరకలు. కర్రలో ఒకచోట కణుపు ఉంది. ఎండలకు అది నూనె కార్చింది. చెదల్ని ఆపే నూనే అది. ఆ నూనె వల్లే దేవదారు మీద రంగు సరిగా నిలవదని పదిమందికి చెప్పినవాణ్ణి నేను. ఒక్క క్షణం ఆలోచిస్తే పట్టుకేమవుతుందో తట్టేది. సిగ్గుతో నా తల వాలిపోయింది.

ఇద్దరం సావుకారు దుకాణానికి వెళ్లాం. మునినారాయణప్ప చీర విప్పి, "ఏందమ్మా ఇది?" అన్నాడు.

"నాదే తప్పు సావుకారప్పా. కొత్త కర్ర మీద తొందరపడి నేస్తిని."

"కాదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆయమ్మ ఎండబెట్టాలనింది. నేనే నోరు మూయిస్తిని. చీర చెడగొట్టింది నేను."

దుకాణంలో అందరూ నన్నే చూశారు. సావుకారు చాలాసేపు మరకల్ని తడిమాడు. చివరికి, "నేతలో తప్పు లేదులే," అని లోపలికి వెళ్లి ఇంకో చీరకు పట్టు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

బయటికి వచ్చాక అడిగాను. "నా పేరెందుకు చెప్పలేదక్కా? పట్టు ఇవ్వకపోయుంటే నీ గతేమి?"

ఆమె పట్టును కొంగులో చుట్టుకుంటూ, "చెప్తే నీకు కోపమొస్తాది కదప్పా," అంది.