నాలుగో బాటిల్

పొద్దున్నే మా ఇంట్లో నా పనుల్లో చివరిది నీళ్ళు పట్టడం. ఇడ్లీలు దించి, క్యారేజీలు కట్టి, అత్తయ్య బీపీ మాత్ర ఆవిడ చేతిలో పెట్టాక ఫిల్టరు ముందు నిలబడతాను. మా ఆయనది పెద్ద స్టీలు బాటిల్, పురుగుమందుల కొట్లో కూర్చుంటారు కదా, రోజంతా దాహం. మా అమ్మాయి హేమశ్రీది గులాబీ రంగుది, బడికి. అత్తయ్యకి మంచం పక్కన పెట్టుకునే ఫ్లాస్కు, అందులో గోరువెచ్చనివి. నాలుగోది నాది. అది షెల్ఫులో బోర్లించే ఉంటుంది. సైటుకి వెళ్ళే రోజున నేను నీళ్ళు తీసుకెళ్ళను. తీసుకెళ్ళకపోవడం ఏమిటి, తాగను. లేవగానే అరగ్లాసు, మళ్ళీ సాయంత్రం ఇల్లు చేరాకే. ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో ఒక్కరు కూడా "నీ బాటిలేదే?" అని అడగలేదు. అడగకపోవడమే మంచిదనుకునేదాన్ని. అడిగితే ఏం చెప్పను, సిగ్గులేకుండా?

నేను సర్కారు ఇంజినీరింగ్ ఆఫీసులో ఏఈని. గుంతలు పూడ్పించడం, కల్వర్టులు కట్టించడం, సైడు కాలవల్లో పూడిక తీయించడం, బస్సు షెల్టర్లు, ప్రభుత్వ భవనాల గోడలు, కప్పులు అన్నీ మా పనే. "మా లతకేం, జీపెక్కి ఊళ్ళు తిరిగే ఉద్యోగం" అంటారు మా ఆయన దుర్గాప్రసాద్, బంధువులొచ్చినప్పుడల్లా. ఆ జీపు దిగాక ఎక్కడికి వెళ్తానో ఆయనకేం తెలుసు! మా వినుకొండ రోడ్డు చూశారుగా, ఎటు చూసినా మిరప, పత్తి. మిరప మోకాలెత్తు. పత్తికట్టె పీకేశాక అది కూడా ఉండదు, నల్లనేల బల్లపరుపుగా ఆకాశం దాకా కనిపిస్తుంది. మేస్త్రీలు, రోలరు డ్రైవరు, వర్క్ ఇన్‌స్పెక్టరు, అందరూ రోడ్డుకి వీపు తిప్పి నిలబడితే చాలు, వాళ్ళ పనైపోతుంది. నేను మాత్రం గొడుగు పట్టుకుని కంకర మందం కొలుస్తూ, పొత్తికడుపు బిగబట్టుకుని, ఈ నేల మీద ఒక్క గోడ ఉంటే బావుండునని చూస్తుంటాను. నలుగురికీ గోడలు కట్టించేదాన్ని నేనే.

ఆఫీసులో ఒక లేడీస్ బాత్రూం ఉంది. దానికి తాళం ఉంది. ఆ తాళంచెవి అటెండరు వీరబాబు దగ్గరుంటుంది, ఎందుకంటే అందులో పాత ఫ్యాన్లు, ఖాళీ రంగు డబ్బాలు పెట్టారు, అవి పోతాయట. మొదట్లో ఒకసారి అడిగాను. హాల్లో ఆ చివర్నుంచి "ఒరేయ్, తాళంచెవి ఇటు విసురు, మేడంకి అర్జెంటంట!" అని అరిచాడు వీరబాబు. తలలన్నీ ఒక్కసారి లేచాయి. ఒకాయన దగ్గాడు, ఇంకొకాయన నవ్వాపుకుంటూ కంప్యూటర్లోకి వంగాడు. తల కొట్టేసినట్టయింది. ఆ రోజు తాళంచెవి తీసుకోకుండానే వెనక్కొచ్చి కూర్చున్నాను. మళ్ళీ ఎన్నడూ అడగలేదు. ఒకసారి జ్వరం, పొత్తికడుపులో మంట అని నన్ను గుంటూరు తీసుకెళ్తే డాక్టరమ్మ "నీళ్ళు తాగవా అమ్మా?" అంది. నేను నోరు తెరిచేలోపే మా ఆయన "అంతా అశ్రద్ధ డాక్టరుగారూ, ఎంత చెప్పినా వినదు" అన్నారు. ఆయన నాకెప్పుడూ చెప్పలేదు.

అలాంటి నాకే పాలెం అడ్డరోడ్డు షెడ్డు పని అప్పగించారు. అక్కడ రోడ్డు పక్కన మిరపకాయ ఎండబోసే కల్లాలుంటాయి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు ఆటోల్లో వచ్చి పొద్దస్తమానం తాలుకాయలు ఏరుతారు, తొడిమలు తీస్తారు. వాళ్ళు కూర్చోవడానికి ఒక షెడ్డు, దాని వెనక ఆడవాళ్ళకి బాత్రూములు. కాగితం మీద గీత గీస్తున్నప్పుడే నాకు ఒళ్ళు పులకరించింది, నిజంగా. టైల్స్ నేనే దగ్గరుండి వేయించాను. గోడలకు కుళాయిలు వచ్చాయి. రానిదల్లా కుళాయిల వెనక పైపు. ఊరి ట్యాంకు నుంచి లైను తెచ్చి కలపాలి, కాంట్రాక్టరు ఇదిగో అదిగో అంటూ నెట్టుకొచ్చాడు.

నెల మీటింగులో మా పై ఆఫీసరు, డీఈ శ్రీమన్నారాయణగారు "అడ్డరోడ్డు షెడ్డు ఎందాకా వచ్చిందమ్మా?" అని అడిగారు.

"అయిపోయినట్టే సార్. కొద్దిగా చిన్న పనులున్నాయి."

"ఏం పనులు?"

టేబుల్ చుట్టూ అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళ బాత్రూంలో నీళ్ళు లేవు సార్. అంతే, ఇంతకంటే పెద్ద మాట కూడా కాదు. వీరబాబు టీ కప్పులు పెడుతున్నాడు.

"చిన్నవే సార్" అన్నాను.

"చిన్నవైతే తర్వాత చూసుకోవచ్చు. ఎమ్మెల్యేగారు డేటిచ్చారు, ఓపెనింగ్ కానిద్దాం."

అలా అయింది. ఓపెనింగ్ రోజు పొద్దున ట్యాంకరు తెప్పించి బాత్రూముల్లో డ్రమ్ములు నింపారు. గుమ్మానికి బంతిపూల దండలు, ఎర్ర రిబ్బను. రిబ్బను కత్తిరించేదాకా లోపలికి ఎవరూ వెళ్ళకూడదని కాంట్రాక్టరు తాళం వేసి జేబులో వేసుకున్నాడు. పొద్దున్నే వస్తామన్న పెద్దమనుషులు మధ్యాహ్నం దాటినా రాలేదు. ఎండ మాడ్చేస్తోంది, మిరప ఘాటుకు దగ్గు. ఉదయం తాగిన అరగ్లాసే నన్ను చంపేస్తోంది. ముందు రోజు ఏర్పాట్ల హడావిడిలో రాత్రి ఎక్కువ తాగాననుకుంటాను. అక్కడికి నేను కట్టించిన తలుపు పదడుగుల దూరం. షెడ్డులో డీఈగారు, కాంట్రాక్టరు, విలేకర్లు కుర్చీలేసుకుని కూర్చున్నారు. వాళ్ళ మధ్యకెళ్ళి తాళంచెవి అడగడమా! కాళ్ళు పెనవేసుకుని నిలబడ్డాను. చెమటలు పట్టాయి.

కల్లంలో కాయలేరుతున్న కరీమున్ నన్ను చూసింది. పనికొచ్చే ఆడవాళ్ళలో పెద్దది, మాట గట్టి మనిషి. దగ్గరకొచ్చి గొంతు తగ్గించి "వస్తారా మేడమ్, మేం వెళ్ళే చోటికి?" అంది. ఆమె వెనకే నడిచాను. కల్లం చివర మిరపకాయ టిక్కీ బస్తాలు పేర్చి, వాటికీ పత్తికట్టె మోపుకీ మధ్య ఒక పరదాపట్టా కట్టారు. ఆమె నాకు వీపు పెట్టి కాపలా నిలబడింది. అబ్బ, ఆ హాయి చెప్పలేను. పక్కన బకెట్లో నీళ్ళున్నాయి. తీసుకుని కడుక్కున్నాను.

"అయ్యో, ఆ బకెట్టు కాదు మేడమ్!" అని కరీమున్ ఇటు తిరిగేసరికే ఆలస్యమైపోయింది. అది వాళ్ళందరూ కారం చేతులు ముంచి కడుక్కున్న బకెట్టు.

ఏం చెప్పమంటారు! మొదట చురుక్కుమంది. తర్వాత నిప్పులు పోసినట్టయింది. నోట్లో చీర కొంగు కుక్కుకున్నాను. కరీమున్ పరిగెత్తుకెళ్ళి తన క్యారేజీలోంచి మజ్జిగ తెచ్చింది, "పోసుకోండి, సిగ్గుపడితే అవదు" అని నా చేతిలో పెట్టింది. పోసుకున్నాను. ఏఈ మాధవీలత, పత్తికట్టె మోపు పక్కన, మజ్జిగతో! పట్టా అవతల ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. కరీమున్ కసిరింది: "ఏం నవ్వుతారే, మీకెవరికీ కాలేదా?" నాతో మాత్రం మామూలుగా అంది, "రాత్రికి గానీ తగ్గదు మేడమ్. మాకు అలవాటే. చేతులు ఎంత కడిగినా కారం పోదు, అందుకే ఇంటికెళ్ళేదాకా బిగబట్టుకుంటాం. నీళ్ళే తాగం."

నీళ్ళే తాగం. నా గుట్టు ఈవిడ నోట్లోంచి వస్తోందేమిటి అనుకున్నాను. అప్పుడే బ్యాండు మోగింది, కార్లొచ్చాయి. నన్ను వేదిక మీదకి పిలిచి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. ఒళ్ళంతా మంట, కూర్చోలేను, లేవలేను. "ఒక మహిళా ఇంజినీరు మహిళల కోసం కట్టిన షెడ్డు ఇది" అని మైకులో పొగిడారు, చప్పట్లు కొట్టించారు. రిబ్బను కత్తిరించాక ముందు లోపలికెళ్ళింది వచ్చినవాళ్ళ వెంట ఉన్న మగవాళ్ళు. డ్రమ్ముల్లో నీళ్ళు అక్కడికి సరి. అందరూ వెళ్ళాక కరీమున్ అడిగింది, "రేపట్నుంచి మాకు తీసుంటుందా మేడమ్, నీళ్ళతో?" ఆమె మజ్జిగ ఇంకా నా చీరకి అంటుకునే ఉంది. "ఆఁ, ఉంటుంది" అన్నాను. ఛీ, అంత అబద్ధం ఎలా ఆడానో! జీపెక్కుతుంటే డీఈగారు, "బాగా జరిగిందమ్మా. సోమవారం మీటింగులో పని పూర్తయినట్టు సంతకం పెట్టేసెయ్" అన్నారు. ఆ సంతకం పడితే కాంట్రాక్టరు మళ్ళీ అటు తొంగి చూడడు. పైపు ఇక రాదు. అది నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. "సరే సార్" అన్నాను.

ఇంటికొచ్చి బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. మంటకో సిగ్గుకో నాకే తెలీలేదు. ఎంతకీ బయటికి రాకపోయేసరికి మా ఆయన తలుపు కొట్టారు, చెప్పక తప్పలేదు. మొదట నోరెళ్ళబెట్టారు, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వి ఊరుకుంటే బాగుండేది. నేను హాల్లోకొచ్చేసరికి వాళ్ళక్కకి ఫోన్ చేసి స్పీకరు పెట్టి చెబుతున్నారు: "మన ఇంజినీరమ్మకి ఇవాళ గుంటూరు కారం ఎక్కడ తగిలిందో తెలుసా అక్కా?" అవతల ఆవిడ పగలబడి నవ్వుతోంది. నేనక్కడే నిలబడి ఉన్నాను. భూమి చీలి నన్ను మింగేస్తే బావుండుననిపించింది. అత్తయ్య మాత్రం నవ్వలేదు. మొహం చిట్లించి నాతోనే అంది, "ఇలాంటివి మొగుడికైనా చెప్పుకుంటారటే? ఆడది కడుపులో పెట్టుకోవాలి." నాకప్పుడు తోచింది, ఆవిడా ఇలాంటివి ఎన్నో కడుపులో పెట్టుకునే ఉంటుందని. అడగబుద్ధి కాలేదు.

వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు ముందేసుకున్నాను. హేమ క్యారేజీ కడిగి, బాటిల్ తీసి సింకులో వంచబోయాను. బరువుగా ఉంది. మూత తీసి చూస్తే పొద్దున నేను నింపిన నీళ్ళు నింపినట్టే ఉన్నాయి.

"హేమా, నీళ్ళు తాగలేదేమే?"

హోంవర్కు చేసుకుంటూ తలెత్తకుండానే చెప్పింది, "స్కూల్లో బాత్రూం బావుండదమ్మా. సార్‌ని అడిగి వెళ్ళాలి, అబ్బాయిలు నవ్వుతారు."

"రోజూ తాగవా?"

"నువ్వూ తీసుకెళ్ళవుగా."

మొత్తానికి ఆ ఇంట్లో నా బాటిల్ గమనించింది ఒకళ్ళున్నారు. గమనించి, నేర్చుకుంది. వంట దగ్గర్నుంచి లెక్కల దాకా నా బిడ్డకి ఎన్నో నేర్పాలనుకున్నాను, దానికి నా నుంచి అబ్బింది ఇదన్నమాట. ఇప్పటిదాకా నా సిగ్గు నాది, నా కడుపు నాది, నేను పడితే పోయేదేముందనుకున్నాను. ఆ బాటిల్ చేతిలో పట్టుకుని నిలబడితే, జీవితంలో ఎప్పుడూ పడనంత సిగ్గుపడ్డాను. తాళంచెవి అడగడానికి కాదు. అడగనందుకు.

సోమవారం పొద్దున నాలుగు బాటిళ్ళు నింపాను. మా ఆయన చూసి, "ఏంటి, కొత్తగా?" అన్నారు, ఇంకా పెదాల చివర ఆ నవ్వుంది. నాలుగోది తీసి నా సంచీలో పెట్టుకున్నాను. హేమ మాత్రం చెప్పులేసుకుంటూ నా సంచీ వైపు ఓ చూపు చూసి వెళ్ళింది.

మీటింగులో అదే టేబుల్, అదే మనుషులు. డీఈగారు కాగితం నా ముందుకు జరిపారు. "సంతకం పెట్టమ్మా, నెక్స్టు పనిలోకి వెళ్దాం."

"పెట్టను సార్. పని పూర్తవలేదు."

"ఓపెనింగే అయిపోయింది కదమ్మా! ఇంకా ఏం మిగిలింది?"

వీరబాబు టీ ట్రేతో గుమ్మంలో ఆగాడు. ఆగనీ అనుకున్నాను.

"ఆడవాళ్ళ బాత్రూంలో నీళ్ళు లేవు సార్. కుళాయిలున్నాయి, వెనక పైపు లేదు. అక్కడి ఆడవాళ్ళవి కారం చేతులు. ధారగా నీళ్ళు పడితే తప్ప ఆ చేతులతో వాళ్ళు ఒంటేలుకి వెళ్ళలేరు. ఒక్క బకెట్టులో నలుగురూ చేతులు ముంచితే ఆ నీళ్ళూ కారమే. మంటెత్తిపోతుంది." ఆగి ఊపిరి తీసుకున్నాను. "ఓపెనింగ్ రోజు మీరు తాళం వేసి కూర్చుంటే నేను వాళ్ళ కల్లంలోకి వెళ్ళాను సార్. నాకు మండింది."

ఎవరూ నవ్వలేదు. ఒకాయన పెన్ను కిందపడితే తీసుకోవడానికి కూడా వంగలేదు. డీఈగారు కాగితం వైపు చూశారు, నా వైపు చూడలేకపోయారు. సిగ్గు ఇటు నుంచి లేచి అటెళ్ళి కూర్చోవడం కళ్ళారా చూశాను. చివరికి ఆయన "సరే, పైపు వెయ్యనీ, అప్పుడే పెట్టు" అని కాగితం వెనక్కి లాక్కున్నారు. "నెక్స్టు" అన్నారు.

సంచీలోంచి బాటిల్ తీశాను. మూత తిప్పి, అందరి ముందూ, గడగడా సగానికి పైగా తాగాను. మూత పెట్టి గుమ్మం వైపు తిరిగి, హాల్లో ఆ చివరి దాకా వినపడేలా అన్నాను.

"వీరబాబూ, ఆ ఫ్యాన్లూ డబ్బాలూ ఇవాళే బయట పెట్టించు. మీటింగు మధ్యలో నేను లేస్తాను."